మూడవ ఫలకంలోని లోపం

విద్యున్మసీ ఫలక ఎంపిక సంఘంలో నన్ను సభ్యుడిగా నియమించడానికి కారణం, ఆ విషయంతో నాకు ఏ సంబంధమూ లేకపోవడం. ఇది నా వినయం కాదు; నియామకపు ఉత్తర్వులోనే ఉంది. "ఎంపిక చేయబడు వస్తువుతోను, దానిని ఉపయోగించు వారితోను, ఉపయోగించు పనితోను ఎట్టి సంబంధమును లేని బయటి వ్యక్తి ఒకరు" సంఘంలో ఉండాలని నిబంధన. కళాశాలలో ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం చెప్పి విరమించిన నేను ఆ వర్ణనకు సరిపోతానని మా జిల్లా ప్రాచీన దస్తావేజుల భాండాగారం తేల్చింది. మిగిలిన సభ్యులు ఇద్దరు: భాండాగారం సంయుక్త సంచాలకులు వడ్లమూడి త్రివిక్రమరావుగారు, సూపరింటెండెంట్ మేడిశెట్టి ఉమాపతిగారు. వారికి కూడా ఆ విషయంతో సంబంధం లేదని ఉత్తర్వులో లేదు. అది నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

విద్యున్మసీ ఫలకం అన్న పేరు చూసి జంకనక్కరలేదు. బజారులో దాన్ని ఈ-ఇంక్ టాబ్లెట్ అంటారు. పలక వంటి పరికరం. తెర వెనుక దీపం ఉండదు. కాగితంలాగే బయటి వెలుతురుకు కనిపిస్తుంది. దాని మీద చదువుకోవచ్చు, అక్షరాన్ని పెద్దది చేసుకోవచ్చు, దానితో వచ్చిన కలంతో చేత్తో రాసుకోవచ్చు. అంతకు మించి దానికి ఏమీ చేతకాదు. ఇంత అమాయకమైన వస్తువును ఎంచుకోవడానికి ముగ్గురు పెద్దమనుషులకు ఎనిమిది నెలలు ఎందుకు చాలలేదో నమోదు చేయడం నా ఉద్దేశం.

అడిగిన మనిషి బత్తుల నాంచారమ్మ, రికార్డు గది అసిస్టెంటు. పూర్వపు కరణాలు గొలుసుకట్టు రాతలో రాసిన దస్తావేజులు ఆ గదిలో నూట నలభై ఆరు కట్టలున్నాయి. గొలుసుకట్టు అంటే కలం ఎత్తకుండా ఒక అక్షరపు తోకను రెండవ అక్షరపు తలకు ముడివేస్తూ పోయే రాత. తెలియని కంటికి అది కోడి కెలికిన నేల. ఏ కాలువ నీరు ముందు ఎవరి చేలోకి పారాలి, ఏ పుంత దారి అందరిదీ, ఏ చెరువులో ఎవరికి వల వేసే హక్కు ఉంది అన్న సంగతులన్నీ ఆ కెలుకుడులోనే ఉన్నాయి. జిల్లాలో దాన్ని చదవగలిగిన మనిషి నాంచారమ్మ ఒక్కతే. అటెండరుగా చేరిన రోజుల్లో, అక్కడున్న వృద్ధ గుమాస్తా దగ్గర, మధ్యాహ్న విరామాల్లో, తొమ్మిదేళ్లు కూర్చుని నేర్చుకుంది.

ఆమెకు నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను రెండేళ్లు నిలిస్తే అదే పదివేలని వైద్యుడు చెప్పాడు. ఉద్యోగ విరమణకు రెండేళ్లు కూడా లేదు. దస్తావేజుల చిత్రాలు కంప్యూటరులో ఉన్నాయి కానీ, వెలుగు చిమ్మే ఆ తెర ముందు అరగంట కూర్చుంటే మిగిలిన రోజంతా ఆమె కన్ను నీరు కారుతూ మూతపడుతుంది. అందుచేత ఆమె పావు ఠావు కాగితం మీద ఇలా అర్జీ పెట్టుకుంది: "కంటికి వెలుగు కొట్టని, అక్షరం పెద్దది చేసుకొనే, పక్కన రాసుకొనే పలక ఒకటి ఇప్పిస్తే, నా కన్ను ఉండగా కట్టలన్నీ మామూలు తెలుగులో తిరగరాసి పోతాను."

ఆ పావు ఠావు నా చేతికి వచ్చేనాటికి మూడు వందల పుటల ఫైలు అయింది.

*

మొదటి సమావేశంలో సంయుక్త సంచాలకులు మూలసూత్రాన్ని ప్రతిపాదించారు.

"కాగిత వినియోగ నిర్మూలన ఉత్తర్వు, పేరా ఆరు. కాగితమునకు ప్రత్యామ్నాయముగా స్వీకరించు ఏ వస్తువైనను అన్ని విధములా కాగితముతో సమానముగా ఉండవలెను. అన్ని విధములా అన్న మాట గమనించండి మాస్టారూ. కొన్ని విధములా అనలేదు."

ఉమాపతిగారు వెంటనే నాలుగు బల్ల పలకల వెడల్పున్న పట్టిక పరిచారు. కార్యాలయంలో కాగితం చేసే పనులన్నీ అందులో వరుసగా ఉన్నాయి. మొదటిది, ట్యాగు దారంతో కుట్టబడుట.

"దీనికి కన్నమెక్కడండీ?" అని ఆయన మొదటి నమూనాను అటూ ఇటూ తిప్పారు. "కన్నం లేకపోతే ఫైల్లో ఎలా పెడతాం? ఫైల్లో పెట్టనిది ఆఫీసులో ఉన్నట్టు కాదు కదా."

"ఫైలే దాని లోపల ఉంటుందండి," అన్నాను.

"ఫైలు దీనిలో ఉంటే, ఇది దేనిలో ఉంటుంది?"

ముప్పై మూడేళ్ల బోధనలో ఇంత మౌలికమైన ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. చివరకు ఫలకానికి గుడ్డ సంచి కుట్టించి, సంచికి కన్నం పొడిచి, కన్నానికి దారం కట్టి, ఆ అంశంలో కాగితంతో సమానత్వం సాధించారు.

అభిప్రాయం చెప్పడానికి నాంచారమ్మను పిలిపించారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి పట్టిక వంక ఒక కంటితో చూసింది.

"కాగితంతో సమానంగా ఉండక్కర్లేదండి సార్," అంది. "కాగితమే కావాలంటే బోలెడుంది కదండీ. నాకు కనపడితే చాలు."

"అది నీ సొంత విషయం నాంచారమ్మా," అన్నారు సంచాలకులు మృదువుగా. "ఇక్కడ జరుగుతున్నది విధాన నిర్ణయం."

*

మొదటి ఫలకం సంతకం దగ్గర పడిపోయింది.

గజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతోనూ, కింది ఉద్యోగి నీలం సిరాతోనూ రాయడం ఆ కార్యాలయపు ఆచారం. రాజ్యాంగంలో ఉందో లేదో తెలియదు కానీ, అంతకంటే గట్టిగా పాటించబడుతోంది. సంచాలకులు ఫలకం కలాన్ని అందుకుని, ఇరవై ఏడేళ్ల సర్వీసు ఒక్కచోట కేంద్రీకరించి సంతకం చేశారు. తెర మీద చక్కగా వచ్చింది. ఆయన తెర వంక చాలాసేపు చూశారు.

"నా సంతకం ఏదీ?"

"అదేనండి."

"నల్లగా ఉందే."

"ఈ తెరకు నలుపూ తెలుపే తెలుసండి," అన్నాను.

"అంటే నేను రాసినా నలుపే, ఉమాపతి రాసినా నలుపే?"

"అవునండి."

"నాంచారమ్మ రాసినా?"

"ఆమె రాస్తే చదవడానికి వీలుగా ఉంటుందండి," అన్నారు ఉమాపతిగారు. తరువాత, ఆ మాట ఎవరిదో అన్నట్టు, పట్టికలోకి తల దించుకున్నారు.

మొదటి ఫలకాన్ని తిరస్కరిస్తూ సంఘం ఇలా రాసింది: "సదరు పరికరము హోదాలను ప్రతిబింబించుటలో పూర్తిగా విఫలమైనది. దీని వలన కార్యాలయమున సమానత్వము వ్యాపించు ప్రమాదము గలదు."

రెండవ ఫలకానికి రంగులు తెలుసు. ఆకుపచ్చ కాస్త పాలిపోయినట్టు, పసరు రంగులో వచ్చింది, కానీ ఆకుపచ్చే. సంచాలకులు తృప్తిపడి, పక్కనున్న బొత్తాన్ని నొక్కారు. ఫలకం ఆగిపోయింది. తెర మీద సంతకం మాత్రం అలాగే ఉంది.

"ఆపాను కదా?"

"ఆపారండి."

"ఆపితే ఎలా కనబడుతోంది? విద్యుత్తు లేకుండా ఇది ఏ నిబంధన క్రింద కనబడుతోంది?"

నేను సంతోషించాను. నాకు తెలిసిన ఒకే ఒక విషయం మీద ప్రశ్న వచ్చింది. తెరలో కంటికి కనిపించనంత చిన్న గుళికలు లక్షల సంఖ్యలో ఉంటాయనీ, ఒక్కొక్కదానిలో నల్లని రేణువులూ రంగు రేణువులూ ఉంటాయనీ, విద్యుత్తు వాటిని పైకో కిందకో నెడుతుందనీ, ఒకసారి నెట్టాక అవి కదలకుండా అక్కడే ఉండిపోతాయనీ చెప్పాను.

"అంటే మార్చడానికే కరెంటు కావాలండి. ఉన్నచోట ఉండడానికి ఏమీ అక్కర్లేదు."

"మన డిపార్టుమెంటు లాగే," అన్నారు ఉమాపతిగారు.

నా వివరణ సంఘానికి నచ్చింది; ధన్యవాద తీర్మానం కూడా చేశారు. మర్నాడు వెళ్లేసరికి ఫలకపు సంచికి నిమ్మకాయా, రెండు ఎండు మిరపకాయలూ వేలాడుతున్నాయి. నేను ఉమాపతిగారి వైపు చూశాను.

"సైన్సు సైన్సే మాస్టారూ," అన్నారాయన. "కానీ జాగ్రత్త జాగ్రత్తే."

నిమ్మకాయ దానిని కాపాడలేదు. రెండవ ఫలకంలో రాసింది చెరిపివేయవచ్చునని తెలిసిన రోజున సంచాలకులు మొదట ఆనందించారు. తాము జారీ చేసిన ఉత్తర్వును తామే జాడ లేకుండా చెరిపివేయగలగడం పరిపాలనా చరిత్రలో మైలురాయి అన్నారు. మరుక్షణం ముఖం మారింది.

"వాళ్లు రాసింది కూడా చెరిగిపోతుందా?"

"ఎవరు రాసినా చెరుగుతుందండి."

"అలా కుదరదు. పైవారు రాసినది చెరగాలి. కిందివారు రాసినది చెరగకూడదు. రేపు ఏదైనా వస్తే బాధ్యత ఎవరి మీద పెడతాం?"

పరికరం అలా మనిషిని బట్టి ప్రవర్తించదని చెప్పాను. సంచాలకులు జాలిగా చూశారు. "మాస్టారూ, అటెండరు కూడా ప్రవర్తిస్తాడు," అన్నారు. రెండవ ఫలకం "తారతమ్య వివేకము కొరవడినందున" తిరస్కరించబడింది.

దీనికంతకూ అయిదు నెలలు పట్టింది. ఈ అయిదు నెలల్లో నాంచారమ్మ భూతద్దంతో నాలుగు కట్టలు పూర్తి చేసింది. రెండవ నెలలో అక్షరం చుట్టూ పొగ కనిపిస్తోందని చెప్పింది. నాలుగవ నెలలో చెప్పడం మానేసింది.

*

మూడవ ఫలకాన్ని తిరస్కరించడానికి వెంటనే కారణం దొరకనందున, వినియోగ పరీక్షకు పంపారు. చేత్తో రాసి చూసేవారు కావాలి. కార్యాలయంలో తక్కినవారంతా కంప్యూటరులో కొట్టేవారే కాబట్టి, నాంచారమ్మను "తాత్కాలిక వినియోగ పరీక్షకురాలు"గా పదిహేను రోజులకు నియమించారు. కంపెనీ మనిషి వచ్చి దస్తావేజుల చిత్రాలన్నీ అందులోకి ఎక్కించి వెళ్లాడు. అతను అటు వెళ్లగానే ఉమాపతిగారు, నమూనాలోకి ఏదీ చొరబడకుండా, నమూనాలోంచి ఏదీ బయటికి పోకుండా, తీగ పెట్టే రంధ్రానికి లక్క పోసి భాండాగారం ముద్ర వేశారు. ఫలకానికి ఆహారం కూడా ఆ రంధ్రం గుండానే అందాలని నేను మనవి చేసుకున్నాను. నెలకొకసారి ఇద్దరు సాక్షుల సమక్షంలో లక్క తీసి, ఛార్జింగు పెట్టి, తిరిగి ముద్ర వేయడానికి ఏర్పాటు జరిగింది.

పదిహేను రోజుల గడువు మూడు నెలలయింది. శీఘ్ర నిర్ణయాల మీద శిక్షణ పొందడానికి సంచాలకులు రాజధానికి వెళ్లారు. శిక్షణ రెండుసార్లు పొడిగించబడింది.

ఆ మూడు నెలలు ముగియబోతుండగా ఒకనాడు నేను రికార్డు గదికి వెళ్లాను. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, నాంచారమ్మ ఫలకాన్ని బల్ల మీద ఏటవాలుగా పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఒక్కొక్క గొలుసు రేగిపండంత ఉంది. పక్కన ఆమె రాస్తున్న అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా, రెండవ తరగతి వాచకంలోవిలా ఉన్నాయి.

"ముప్పై ఒక్క కట్టలు అయిపోయాయండి మాస్టారూ," అంది తల ఎత్తకుండా. "ఇదిగో చూడండి, కోమటిలంక పుంత. ఇరవై ఏళ్లుగా ఇద్దరు రైతులు కొట్టుకు ఛస్తున్నారు. ఇద్దరిదీ కాదంట. ఊరందరిదీనంట."

"కన్ను ఎలా ఉందమ్మా?"

"ఉన్నంత వరకూ ఉంటదండి. దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మీతోనే." కలం కింద పెట్టింది. "ఇది మీ వాళ్లు వెనక్కి తీసుకుంటే నేను రాసిందంతా ఏమవుద్దండీ?"

నా దగ్గర నమూనాల షరతుల ప్రతి ఉంది. చదివి వినిపించాను. పదిహేడవ షరతు: "పరీక్షానంతరము నమూనాలను, స్వీకరించిన నాటి స్థితిలో, సమస్తము తుడిచివేసి తిరిగి అప్పగించవలెను."

ఆమె చూపుడువేలితో బల్ల చెక్క మీది పగులును అటూ ఇటూ రాసింది. రంధ్రానికి లక్క ముద్ర ఉంది. రాసినదాన్ని బయటకు తీయడానికి అనుమతి అడిగితే, అడిగినందుకు ముందు సంజాయిషీ అడుగుతారు.

"తరవాతది ఏవిటండి? పద్దెనిమిది?"

"అది నీకు పనికిరాదమ్మా. 'పరీక్షలో లోపము బయటపడిన నమూనాను తిరిగి ఇవ్వరాదు. సాక్ష్యముగా రికార్డు గదిలో భద్రపరచి, లోపము యొక్క పెరుగుదలను నెలనెలా నివేదించవలెను.'"

"రికార్డు గదిలోనా అండి."

"అవును."

"మళ్లోసారి చదవండి మాస్టారూ."

చదివాను. ఆమె కలం అందుకుని మళ్లీ పనిలో పడింది.

*

ఎనిమిదవ నెలలో సంచాలకులు శిక్షణ పూర్తి చేసుకుని వచ్చి, తుది సమావేశం పిలిచారు. నాంచారమ్మ ఫలకాన్ని గుడ్డ సంచిలోంచి తీసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది. ఆపి ఉన్న తెర మీద అడ్డదిడ్డంగా నల్లని గీతలు. ఒకదానికొకటి చిక్కుపడి, పైనుంచి కింది దాకా. ఒక్క చూపులోనే తెలిసింది నాకు: గొలుసుకట్టు రాత.

సంచాలకులు కళ్లజోడు సవరించుకున్నారు. ఆయన ఆ భాండాగారానికి నాలుగేళ్లుగా అధిపతి. ఆయన ప్రయాణం చేసే జీపు మీద "ప్రాచీన దస్తావేజులే మన సంపద" అని రాసి ఉంటుంది. అందులో ఒక్క దస్తావేజునైనా ఆయన విప్పి చూడవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.

"ఇదేమిటి? ఎవరైనా రాశారా, లేక తెర పాడైందా?"

సంచాలకులు మా ముగ్గురి వంకా చూశారు.

"రాత అయితే అనధికార రాత. తుడిచేసి కంపెనీకి పంపించండి. రాసినవారికి మెమో ఇవ్వండి. కాకపోతే లోపం. ఏదో ఒకటి తేలాలి." ఆయన వేలితో తెరను తాకబోయి, దానికి ప్రత్యేక అనుమతి కావాలేమోనని ఆగిపోయారు. పుట తిప్పితే వెనక తొమ్మిది వందల పుటల గుండ్రటి తెలుగు ఉంది. కానీ ఫైల్లో చివరి పుట తప్ప మరొకటి చూసే అలవాటు ఆ కుర్చీకి లేదు. "నాంచారమ్మా, పాత రాతలు తెలిసినదానివి నువ్వొక్కదానివే. చూసి చెప్పు. ఇది రాతేనా?"

ఆమె ముందుకు వచ్చింది. వంగి, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి, కుడి కంటితో పై వరుస నుంచి కింది వరుస దాకా నిదానంగా చూసింది.

"నాకేం కనపడట్లేదండి సార్," అంది. "గీతలు పడ్డాయి. లోపవేనండి."

"మాస్టారూ, శాస్త్రరీత్యా?"

నేను బాబాలు గాల్లోంచి తీసిన విభూతిని సూక్ష్మదర్శిని కింద పెట్టిన మనిషిని. ఋజువు లేని మాట మీద ఇంతవరకూ సంతకం చేయలేదు. నా ఎదుట ఒక వాక్యం పచ్చి అబద్ధమై నిలబడి ఉంది. నూట పదిహేను కట్టలు ఇంకా చదవవలసి ఉన్నాయి. నాంచారమ్మ నా వైపు చూడలేదు.

"రేణువులు స్థానభ్రంశం చెందాయండి," అన్నాను. ఆ మాట వరకూ నిజమే. కలం పెట్టిన చోటల్లా అవి స్థానభ్రంశం చెందుతాయి. "లోపం ఇంకా పెరిగే అవకాశం ఉంది."

"పెరుగుతుందా?"

"నెలకు తొమ్మిది పది కట్ట... తొమ్మిది పది శాతం చొప్పున."

ఉమాపతిగారు దగ్గారు. తరువాత, ఎవరూ అడగకుండానే, పద్దెనిమిదవ షరతును పైకి చదివి, లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగించారు.

ఆ విధంగా మూడవ ఫలకం సాక్ష్యంగా రికార్డు గదికి వెళ్లింది. లోపాన్ని ప్రతిదినమూ, పగటి వెలుతురులో, పని వేళలంతా నిశితంగా గమనించే బాధ్యత రికార్డు గది అసిస్టెంటు మీద పెడుతూ ఉత్తర్వు వెలువడింది. కట్టలు చదవడం పేరిట ఈ ముఖ్యమైన పనిని అశ్రద్ధ చేయరాదని ఆమెను హెచ్చరించారు.

*

నెలనెలా నివేదికలు వచ్చాయి. సంఘ సభ్యుడిగా నాకూ ఒక ప్రతి అందేది. "లోపము ఈ నెల నూట నాలుగు పుటల మేర వ్యాపించినది." "లోపము కాలువల వైపు మళ్లినది." "వర్షాకాలమున లోపము కొంత మందగించినది. పరీక్షకురాలి కంటికి చికిత్స జరిగినది." ప్రతి నివేదిక కిందా ఆకుపచ్చ సిరాతో "చూడబడినది" అని ఉండేది. పదకొండవ నెల నివేదికలో అక్షరాలు వంకర పోవడం మొదలైంది. వరుసలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. పన్నెండవ నెల, ఆమె ఉద్యోగ విరమణకు మూడు రోజుల ముందు, చివరి నివేదిక వచ్చింది. అది ఉమాపతిగారి దస్తూరీలో ఉంది. కింద నాంచారమ్మ సంతకం మాత్రం ఉంది, పెట్టవలసిన గీత దాటి.

"లోపము నూట నలభై ఆరు కట్టలకును సంపూర్ణముగా వ్యాపించినది. ఇక వ్యాపించుటకు చోటు లేదు."

సంచాలకులు ఈ తీవ్రతను చూసి చలించిపోయారు. ఇంతటి లోపం ఒక్క ఫలకంలోనే ఉంటే రేపు ఆడిట్ వారికి ఏమి చూపుతామని ప్రశ్నించారు. లక్క తీయించి, లోపాన్నంతా, భూతద్దంతో సాగిన ఆ నాలుగు కట్టల చిత్తుప్రతితో సహా, కాగితం మీద మూడేసి ప్రతులు ముద్రించి, సంపుటాలుగా కుట్టించి, ప్రతి పుట మీదా అధికార ముద్రతో ధ్రువీకరించి శాశ్వతంగా భద్రపరచాలని ఆదేశించారు. రెండు వేల మూడు వందల పుటలు. సంతకం పెట్టవలసిన చోటల్లా ఉమాపతిగారు పసుపు చీటీలు అంటించారు. సంచాలకులు చీటీ నుంచి చీటీకి ప్రయాణిస్తూ తొమ్మిది రోజులు ఆకుపచ్చ సంతకాలు చేశారు. మధ్యలో ఒక్కసారి కూడా పక్కకు చూడలేదు.

ఎంపిక సంఘం ఇంకా కొనసాగుతోంది. లోపం లేని ఫలకం కోసం నాలుగవ నమూనా తెప్పిస్తున్నారు.

మొన్న ఒక పని మీద భాండాగారానికి వెళ్లాను. కోమటిలంక నుంచి ఇద్దరు రైతులు వచ్చి ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెరో బల్ల మీద కూర్చున్నారు. పుంత సంగతి తేలాలట. నాంచారమ్మగారు ఏరీ అని అడిగారు.

"రిటైరయ్యారు," అన్నారు ఉమాపతిగారు. "ఇప్పుడు ఆవిడకు మనుషుల ఆకారం వరకే తెలుస్తోంది." బీరువా తీసి, వీపు మీద బంగారు రంగు అక్షరాలతో "మూడవ ఫలకంలోని లోపము, సంపుటము రెండు" అని ఉన్న పుస్తకం తీసి, పుట వెతికి, ఇద్దరి మధ్యా పెట్టారు. "మీరే చదువుకోండి. ప్రతి పుట మీదా గజిటెడ్ సంతకం ఉంది. ఏ కోర్టులోనైనా చెల్లుతుంది."

పెద్దవాడు వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు. రెండవవాడు లేచి వచ్చి అతని భుజం మీదుగా చూశాడు.

"ఎవరు రాశారోగానీ," అన్నాడు పెద్దవాడు, "నాబోటివాడికి కూడా తెలిసేటట్టు ఉందండి."

"అవునయ్యా," అన్నారు ఉమాపతిగారు బీరువాకు తాళం వేస్తూ. "చాలా స్పష్టమైన లోపం."